శాంతి మీద క్రిస్మస్ సంగీత రూపకం: క్వయర్ ఎలా తయారు కావాలి

శాంతి మీద రూపకం అనగానే చాలా క్వయర్లు మెత్తని పాటలు, మెల్లని పాటలు, జోలపాటలే ఏరుకుంటాయి. మూడో పాటకి వినేవాళ్లకి కునుకు పడుతుంది, ఐదో పాటకి పాడేవాళ్ల శ్రుతి జారుతుంది. అసలు శాంతి వినపడాలంటే ముందు అశాంతి వినపడాలి. పెద్ద చప్పుడు ఆగిన మరుక్షణంలోనే కదా నిశ్శబ్దం చెవికి తెలిసేది. రూపకాన్నంతా ఈ ఒక్క సూత్రం మీద కట్టండి. ఎక్కడ కలవరం, ఎక్కడ అది ఆగుతుంది, ఆగాక ఎంతసేపు ఏమీ వినపడకూడదు అన్నవి తేలాకే పాటల పుస్తకాలు తెరవండి.

ఇక్కడ చెప్పేవన్నీ 20 నుంచి 30 మంది ఉన్న, సంగీతం వృత్తిగా లేని క్వయర్‌కి సరిపోయే లెక్కలు. నిడివి 45 నిమిషాల లోపు.

శాంతా, సమాధానమా?

తెలుగులో రాసేవాళ్లకి మొదటి చిక్కు మాట దగ్గరే వస్తుంది. మన బైబిల్లో క్రిస్మస్ వచనాలన్నీ 'సమాధానము' అంటాయి. యెషయా 9:6లో 'సమాధానకర్తయగు అధిపతి', లూకా 2:14లో 'భూమిమీద సమాధానము'. యోహాను 14:27లో మాత్రం 'శాంతి'. సంఘంలో పెరిగినవాళ్లకి ఇబ్బంది లేదు. క్రిస్మస్‌కని మొదటిసారి వచ్చినవాళ్లకి సమాధానం అంటే ప్రశ్నకి జవాబు. వ్యాఖ్యానంలో పదిసార్లు ఆ మాట వచ్చినా వాళ్లకి విషయం అందదు.

ఆ మాట తీసేయక్కర్లేదు. మొదటి వ్యాఖ్యానంలోనే రెండు మాటల్నీ పక్కపక్కన పెట్టి విప్పండి. సమాధానం అన్న మాటకి మూలంలో ఉన్న అర్థం, విడివిడిగా ఉన్నవాటిని ఒకచోట చేర్చి నిలపడం. హీబ్రూలోని షాలోమ్ కూడా యుద్ధం లేకపోవడంతో ఆగదు, ఏ లోటూ లేని నిండుదనాన్ని చెబుతుంది. ఎఫెసీ 2:14 అయితే మధ్యగోడ పడగొట్టి ఇద్దర్నీ ఒకటి చేయడం అంటుంది. ఈ మూడూ కలిపితే నాలుగు వాక్యాల్లో అయిపోతుంది. అక్కణ్ణించి వచనం చదివేటప్పుడు 'సమాధానము', మీ మాటల్లో చెప్పేటప్పుడు 'శాంతి' అని వాడుకుంటూ పోండి, ఎవరూ తికమకపడరు.

కథ వరుస

ఎనిమిది పాటలు చాలు. ఈ వరుసలో కలవరం రెండుసార్లు పైకి లేచి రెండుసార్లు ఆగుతుంది:

1. చీకటి. యెషయా 9:2. మగ గొంతులు మాత్రమే, అందరూ ఒకే స్వరంలో, మైనర్ స్కేల్. 3 నిమిషాలు.
2. వాగ్దానం. యెషయా 9:6. నాలుగు భాగాల్లో నిండుగా. 4 నిమిషాలు.
3. జెకర్యా. లూకా 1:79. ఒక సోలో, వెనక క్వయర్. 3 నిమిషాలు.
4. ప్రజాసంఖ్య, బేత్లెహేము దారి. వేగంగా, తాళం గట్టిగా. 3 నిమిషాలు.
5. పశువుల తొట్టి దగ్గర జోలపాట. పిల్లలు. 3 నిమిషాలు.
6. కాపరులు, దూతల పాట. లూకా 2:14. 4 నిమిషాలు.
7. హేరోదు. మత్తయి 2:3. రెండున్నర నిమిషాలు.
8. చివరి పాట. క్వయర్, తర్వాత సంఘమంతా. 4 నిమిషాలు.

పాటలకి 26న్నర నిమిషాలు, వ్యాఖ్యానానికి 11, కదలికలకీ నిశ్శబ్దాలకీ 5. మొత్తం 42న్నర. తెలుగులో నిదానంగా, అర్థమయ్యేలా చదివితే నిమిషానికి 80, 90 మాటలకి మించి పడవు. కాబట్టి వ్యాఖ్యానం మొత్తం 950 మాటలు దాటకూడదు, పాటకి ముందు వచ్చే ఒక్కో భాగం 120 దాటకూడదు. రాసినవాళ్లకి ప్రతి వాక్యమూ ముఖ్యంగానే కనిపిస్తుంది. గడియారం పెట్టి పైకి చదివించండి, ఏది కోయాలో తెలిసిపోతుంది.

హేరోదుని చాలామంది వదిలేస్తారు, పండగ రోజు ఎందుకని. వదలకండి. దూతలు పాడి వెళ్లిపోయాక కూడా లోకంలో భయం ఉంది, రాజు కలవరపడ్డాడు, అతనితో పాటు యెరూషలేమంతా కలవరపడింది. ఆ రెండున్నర నిమిషాలు ఉంటేనే చివరి పాటకి బరువొస్తుంది. అవి తీసేస్తే ఆరో పాటతోనే రూపకం అయిపోయినట్టుంటుంది, ఎనిమిదోది అతికించినట్టు వినపడుతుంది.

జెకర్యా దగ్గర ఇంకొంచెం శ్రద్ధ పెట్టండి. శాంతి రూపకానికి ఇంతకన్నా మంచి ఘట్టం దొరకదు. బాప్తిస్మమిచ్చు యోహానుకి తండ్రి, ఆ కొడుకు పుట్టేదాకా నెలల తరబడి మాట పడిపోయిన మనిషి. మొదటి పాట మొదలయ్యే ముందే అతను వచ్చి వేదిక పక్కన కూర్చోవాలి. రెండు పాటలు అయ్యేదాకా నోరు మెదపడు, క్వయర్‌తో కలిసి పెదవులు కూడా కదపడు. మూడో భాగంలో వ్రాతపలక తెప్పించుకుని 'వాని పేరు యోహాను' అని రాస్తాడు. పలక మీద సుద్ద గీసుకునే చప్పుడు మైకులో వినపడనివ్వండి. అప్పుడు నోరు తెరుచుకుని, ఏ వాయిద్యమూ లేకుండా, 'మన పాదములను సమాధాన మార్గములోనికి' అన్న మాటలతో పాట అందుకుంటాడు. మొదటి శ్రుతి ఎవరివ్వాలన్నది ఇక్కడ సమస్య. రెండో పాట చివరి స్వరమే జెకర్యా మొదటి స్వరం అయ్యేలా స్కేళ్లు అమర్చుకోండి. పలక మీద రాసే ఇరవై సెకన్లూ అతను ఆ స్వరాన్ని లోపలే పట్టుకుని ఉంటాడు. ఆ ధైర్యం లేకపోతే కీబోర్డు మీద ఒక్క స్వరం, ఒక్కసారి, మెల్లగా.

నాలుగో భాగం వ్యాఖ్యానంలో, ప్రజాసంఖ్యకి ఆజ్ఞ ఇచ్చిన రోము చక్రవర్తి ఔగుస్తు కైసరుని పేరు పెట్టి చెప్పండి. క్రీ.పూ. 9లో రోములో అతని శాంతి పేరిట పాలరాతి బలిపీఠం ప్రతిష్ఠించారు. కత్తితో తెచ్చిన శాంతికి పాలరాయి, తొట్టిలో పడుకున్న శాంతికి గడ్డి. ఈ రెండు వాక్యాలు చాలు, చరిత్ర పాఠంలోకి వెళ్లొద్దు.

ఆరో పాటకి స్వరకర్త హాండెల్ 1741లో రాసిన మెస్సయా అనే బైబిలు సంగీత రచనని ఒకసారి వినండి. లూకా 2:14 వచ్చే చోట 'మహిమ' అన్న మాటల్ని పై గొంతులు పాడతాయి, 'భూమిమీద సమాధానము' రాగానే పాట ఒక్కసారిగా మగ గొంతులైన టెనర్, బేస్‌ల కింది స్వరాల్లోకి దిగిపోతుంది. ఆకాశం పైన, భూమి కింద. మీ పాట ఎంత చిన్నదైనా ఈ దిగుడు పెట్టుకోవచ్చు. 'భూమిమీద' దగ్గర ఆడగొంతులు ఆపేసి, మగవాళ్లని ఒకే స్వరంలో పాడించడమే.

హక్కులు

పాత పాట మీద హక్కులు తీరిపోయినా దాని కొత్త స్వరకల్పనకి, కొత్త అనువాదానికి, రికార్డు చేసిన ట్రాక్‌కి హక్కులు వేరేగా ఉంటాయి. ఆరాధనలో పాడటం, వీడియో తీసి నెట్‌లో పెట్టడం రెండు వేర్వేరు అనుమతులు. వీడియో పెట్టే ఉద్దేశముంటే పాట ఎంచుకున్న వారంలోనే అడగండి. డిసెంబరులో అడిగితే జవాబు వచ్చేసరికి పండగ అయిపోతుంది.

స్కేలు, గొంతుల లెక్క

24 మంది ఉంటే 8 సోప్రానో (ఆడగొంతుల్లో పైది), 6 ఆల్టో (కిందిది), 5 టెనర్ (మగ గొంతుల్లో పైది), 5 బేస్ (కిందిది) బాగుంటుంది. మగవాళ్లు నలుగురే ఉంటే నాలుగు భాగాలకి పట్టుబట్టొద్దు. సోప్రానో, ఆల్టో, మగ గొంతు అని మూడు భాగాలు చేస్తే వినడానికి నిండుగా ఉంటుంది. ఇద్దరేసి టెనర్, బేస్‌లతో నాలుగు భాగాలు పాడిస్తే ఒకరు గొంతు పట్టేసి రాకపోయిన రోజు ఒక భాగమే కూలిపోతుంది.

మామూలు గొంతులకి హద్దులివి. సోప్రానో మధ్య సి (కీబోర్డు నడుమ ఉండే సి) నుంచి పై ఆక్టేవ్ ఎఫ్ దాకా. ఆల్టో మధ్య సి కింది ఎ నుంచి పై సి దాకా. టెనర్ మధ్య సికి ఒక ఆక్టేవ్ కింద ఉన్న డి నుంచి మధ్య సి పైనున్న ఎఫ్ దాకా. బేస్ అంతకన్నా కింది జి నుంచి మధ్య సి దాకా. సంఘమంతా పాడే చివరి పాటలో రాగం పై డి దాటకూడదు. దాటితే సగంమంది ఆపేస్తారు, మిగతావాళ్లు అరుస్తారు.

పిల్లల పాట మధ్య డి నుంచి పై డి లోపు ఉండాలి. పాడేశాక వాళ్లని పెద్దవాళ్ల దగ్గరికి పంపేయండి. 45 నిమిషాలు వేదిక మీద నిలబెడితే హేరోదు వచ్చేసరికి ఒకరు దూత వేషం రెక్కలు పీక్కుంటుంటారు, ఇంకొకరు నిద్రపోతుంటారు.

'శాంతి' అనే మాట ఎలా పాడాలి

ఈ ఒక్క మాటకి ఒక ప్రాక్టీసులో పావుగంట కేటాయించండి. రూపకంలో ముప్పైసార్లు వచ్చే మాట.

నాలుగు బీట్లు ఉన్నాయనుకోండి. అలవాటు లేనివాళ్లు ఒక బీటుకే 'శాం' అని నోరు మూసేసి, మిగతా మూడు బీట్లూ ముక్కులో గునుస్తారు. 'ఆ' మూడున్నర బీట్ల దాకా తెరిచి ఉండాలి, సున్న చివరి అర బీటులో మాత్రమే తగలాలి. తర్వాత 'తి' హ్రస్వం. దాన్ని లాగితే 'శాంతీ' అవుతుంది, ఎవరినో పేరు పెట్టి పిలిచినట్టుంటుంది. రాగం అక్కడ పొడుగ్గా ఉంటే ఆ పొడుగుని 'శా' మీదకి జరపండి, 'తి'ని చివరి స్వరం మీద తాకించి వదిలేయండి. ఇక 'శ'. 24 మందిలో ఆరుగురు 'సాంతి' అంటే గదంతా అదే వినపడుతుంది, ఎందుకంటే 'స' ఈల లాంటి శబ్దం, అన్నిటినీ చీల్చుకుని వస్తుంది.

'సమాధానము'లో 'మా', 'ధా' గురువులు. బలమైన బీటు వాటి మీదే పడాలి, 'స'ని బీటుకి ముందే అందుకోవాలి. వేరే భాష రాగానికి తెలుగు మాటలు కూర్చినప్పుడు సరిగ్గా ఇక్కడే తప్పు జరుగుతుంది. 'స' మీద పొడుగు స్వరం పడి 'సామధనము' అని వినపడుతుంది. పాట నేర్పకముందే ప్రతి చరణాన్ని తాళం వేస్తూ మాటగా చదివించండి. హ్రస్వం మీద రెండు బీట్లకి మించిన స్వరం ఉన్న చోట మాటైనా మార్చాలి, స్వరమైనా విడగొట్టాలి.

మెల్లగా పాడటమే కష్టం

గట్టిగా పాడేటప్పుడు తప్పులు దాక్కుంటాయి. మెల్లగా పాడేటప్పుడు ఊపిరి తగ్గించేస్తారు, ఊపిరి తగ్గగానే శ్రుతి కిందకి జారుతుంది. వాయిద్యం లేకుండా మూడు నిమిషాల పాట పాడించి చివర కీబోర్డు మీద చూడండి, చాలా క్వయర్లు అర స్వరం కిందికి వచ్చి ఉంటాయి.

ఎక్కడ జారుతోందో ముందు పట్టుకోండి. పాటని నాలుగు ముక్కలు చేసి ఒక్కో ముక్క చివర స్వరం సరిచూడండి. ఎక్కువగా ఒకే స్వరం వరసగా నాలుగైదుసార్లు వచ్చే చోట, మెట్టుమెట్టుగా కిందికి దిగే చోట దొరుకుతుంది. ఒకే స్వరం మళ్లీ మళ్లీ వచ్చేటప్పుడు ప్రతిసారీ కొంచెం పైకి ఎక్కుతున్నట్టు అనుకుని పాడమనండి. దిగేటప్పుడు చిన్న చిన్న మెట్లు దిగమనండి. అప్పటికీ జారితే స్కేలు అర స్వరం పెంచి చూడండి. వింతగా ఉంటుంది గానీ, చాలాసార్లు కుదురుతుంది, గొంతు సోమరిగా ఉండే చోటు నుంచి బయటికొస్తుంది. వేగం కూడా చూడండి. నిమిషానికి 56 బీట్ల దగ్గర ఈడ్చుకుపోతున్న పాట 63 దగ్గర నిలబడుతుంది, వినేవాళ్లకి అది వేగంగా ఏమీ అనిపించదు.

ఊపిరికి రోజూ చేసుకునే కసరత్తు ఒకటే. నిమిషానికి 60 బీట్ల లెక్కన నాలుగు అంకెలు పీల్చి, 'స్‌స్‌స్' అంటూ 16 అంకెలు వదలడం. రెండు వారాల్లో 24కి వెళ్లొచ్చు. పొడుగు వాక్యాల్లో అందరూ ఒకచోట ఊపిరి తీయకూడదు. వరసలో సరి సంఖ్యవాళ్లు ఒక మాట దగ్గర, బేసి సంఖ్యవాళ్లు ఇంకో మాట దగ్గర తీసుకునేలా కాగితం మీద గుర్తులు పెట్టండి. ఊపిరి తీసి తిరిగి వచ్చేవాళ్లు మాట మొదటి హల్లుని మళ్లీ పలకకూడదు, అచ్చులోకి మెల్లగా కలిసిపోవాలి.

పన్నెండు సెకన్లు

హేరోదు పాట చివరి దెబ్బకీ, ఎనిమిదో పాట మొదటి స్వరానికీ మధ్య 12 సెకన్ల పూర్తి నిశ్శబ్దం పెట్టండి. రూపకానికి గుండెకాయ ఇదే. కాగితం మీద తేలికగా కనిపిస్తుంది, వేదిక మీద దీన్ని కాపాడటమే పెద్ద పని.

కీబోర్డు వాయించేవాళ్లకి ఖాళీ కనిపిస్తే చేయి ఊరుకోదు, వెనక సన్నగా ఒక స్వరం పట్టేస్తారు. వాళ్ల కాగితం మీద పెద్దక్షరాలతో 'చేతులు ఒడిలో' అని రాయండి. సౌండు చూసేవాళ్లు మైకులు ఆపబోతారు, 'టక్' మంటుంది. ఆపొద్దని చెప్పండి. వ్యాఖ్యాత తన వంతు అనుకుని మొదలుపెడతారు. వాళ్లకి సైగ క్వయర్ నడిపించే మీ చేతి నుంచే రావాలి, ఇంకెక్కణ్ణించీ కాదు. పాస్టరు గారికి కూడా ముందే చెప్పి ఉంచాలి, లేదంటే ఏదో తప్పు జరిగిందని లేచి 'దేవునికి స్తోత్రం' అంటారు. ఇక క్వయర్. చివరి దెబ్బ పడినప్పుడు ఎలా ఉన్నవాళ్లు అలాగే ఉండాలి, పేజీ తిప్పకూడదు. అందుకే ఎనిమిదో పాట కంఠస్థం వచ్చి తీరాలి.

ఆ 12 సెకన్లూ మీ చేతులు ఛాతీ ఎత్తులో నిలిచి ఉండాలి. దించితే జనం చప్పట్లు కొడతారు. మనసులో అంకెలు లెక్కపెట్టండి, లెక్క లేకపోతే కంగారులో ఐదు సెకన్లే పన్నెండులా అనిపిస్తాయి. పసిపిల్ల ఏడిస్తే ఏడవనివ్వండి, ఈ కథలో అది తప్పు కాదు.

ప్రాక్టీసు లెక్క

చాలా సంఘాల్లో క్రిస్మస్‌కి ముందు నాలుగు ఆదివారాల ఆగమన కాలంలో రెండో ఆదివారం శాంతి దీపం వెలిగిస్తారు. అది డిసెంబరు 4కీ 10కీ మధ్య వస్తుంది. ఈ రూపకానికి ఆ రోజు బాగా కుదురుతుంది. అక్కణ్ణించి 12 వారాలు వెనక్కి లెక్కపెడితే సెప్టెంబరు మధ్యలో మొదలుపెట్టాలి. వారానికోసారి గంటన్నర, చివరి రెండు వారాలు రెండేసిసార్లు.

వరుసలో మొదటి పాట నుంచి నేర్పకండి. అలా చేస్తే ఒకటి, రెండు పాటలు అరిగిపోయేంత వస్తాయి, ఎనిమిదోది పచ్చిగా ఉండిపోతుంది. ఎనిమిది, ఆరు పాటలతో మొదలుపెట్టండి. ఆరో వారానికి అన్ని పాటల్లో ఎవరి భాగం వాళ్లకి రావాలి, ఎనిమిదో వారానికి ఒకటి, ఏడు, ఎనిమిది కంఠస్థం అయిపోవాలి. తొమ్మిదో వారం వ్యాఖ్యాతలు, పదో వారం వేదిక కదలికలు, పదకొండో వారం మైకులు. చివరి వారం మొదటి ప్రాక్టీసులో ఎక్కడా ఆపకుండా పూర్తిగా ఒకసారి, రెండోదానిలో బట్టలూ దీపాలతో ఇంకోసారి. ఆపకుండా పాడించేటప్పుడు తప్పు వచ్చినా ఆపొద్దు, తప్పు నుంచి ఎలా తేరుకోవాలో కూడా క్వయర్ నేర్చుకోవాలి.

ఇంటి దగ్గర నేర్చుకోవడానికి ఎవరి భాగం వాళ్లకి ఫోన్లో రికార్డు చేసి పంపండి. కీబోర్డు స్వరాలు కాదు, మాటలతో పాడినదే పంపాలి. కీబోర్డు విని నేర్చుకున్నవాళ్లకి స్వరం వస్తుంది, హ్రస్వదీర్ఘాలు ఎవరికి తోచినట్టు వాళ్లవి వస్తాయి. చివరి నాలుగు ప్రాక్టీసుల్లో రెండు తప్పినవాళ్లు ఆ రోజు వేదిక మీద నిలబడరన్న నియమం మొదటి రోజే చెప్పేయాలి. మధ్యలో పెడితే ఎవరినో ఉద్దేశించి పెట్టినట్టు ఉంటుంది. శాంతి మీద పాడే క్వయర్‌లో ఆ మనస్పర్థ వద్దు.

మైకులు, ట్రాక్

15, 20 మందికి ఒక కండెన్సర్ మైకు (కొంచెం దూరం నుంచీ గొంతులు అందుకునే రకం) లెక్క. 24 మందికి రెండు చాలు. ముందు వరసకి 60 నుంచి 90 సెంటీమీటర్ల దూరంలో, వెనక వరస తలల కన్నా 60 నుంచి 90 సెంటీమీటర్లు ఎత్తులో, వెనక వరస వైపు చూస్తున్నట్టు పెట్టాలి. కిందికి పెడితే ముందు వరసలో ఉన్న ఇద్దరి గొంతులే వినపడతాయి. పాడేవాళ్లకీ మైకుకీ ఎంత దూరమో, మైకుకీ మైకుకీ మధ్య దానికి మూడింతలు ఉండాలి. 80 సెంటీమీటర్లయితే 2.4 మీటర్లు. దగ్గరగా పెడితే ఒకే గొంతు రెండు మైకుల్లోకి కొంచెం ముందూ వెనకగా వెళ్లి, డబ్బాలో పాడినట్టు డొల్లగా వినపడుతుంది. కండెన్సర్లకి మిక్సర్ నుంచి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైకు వైరులోనే వెళ్లే కరెంటు) వెళ్లాలి. మైకు పలకడం లేదంటే ముందు చూడాల్సింది ఆ బటనే.

క్వయర్ గొంతుల్ని క్వయర్ వైపు తిరిగి ఉండే స్పీకర్, అంటే మానిటర్‌లో వేయకండి, కీబోర్డు లేదా ట్రాక్ మాత్రమే వేయండి. గొంతులు వేస్తే వెంటనే ఈల మొదలవుతుంది. హాల్ స్పీకర్లు మైకుల కన్నా ముందు, జనం వైపు ఉండాలి.

ట్రాక్ మీద పాడుతుంటే 3, 8 పాటలకి మాత్రం దాన్ని పక్కన పెట్టండి. నిశ్శబ్దం ఎంతసేపుండాలో, ఊపిరి ఎక్కడ తీయాలో ట్రాక్‌కి తెలియదు. మిగతావాటికి ఒకే ఫైళ్లు రెండు పరికరాల్లో ఉంచి, రెండూ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి.

వేదిక, దీపాలు

మోకాళ్లు బిగించి నిలబడకూడదని ప్రతి ప్రాక్టీసులోనూ చెప్పాలి. బిగిస్తే కాళ్లలోని రక్తం పైకి సరిగా రాక కళ్లు తిరుగుతాయి. ప్రతి వరస చివరా ఒక కుర్చీ ఉంచండి. చివరి పాటకి కొవ్వొత్తులు అనుకుంటే క్వయర్ చేతుల్లో, పిల్లల చేతుల్లో బ్యాటరీవే పెట్టండి. రెక్కలు, పలచని బట్ట, పేపర్ కిరీటాలు క్షణంలో అంటుకుంటాయి. నిజమైన మంట ఒక్కచోటే, ఆగమన దీపం దగ్గర, పక్కనే మంటలార్పే సిలిండర్‌తో.

హేరోదు పాటలో వెలుగు ఎర్రగా మార్చడం లాంటివి వద్దు, తగ్గిస్తే సరిపోతుంది. 12 సెకన్లలో వెలుగు అసలు మారకూడదు. ఎనిమిదో పాట రెండో చరణానికి సంఘం కూర్చున్న వైపు దీపాలు వెలగాలి. వాళ్లు లేచి పాడాలి కదా, మాటలు కనిపించాలి.

ఆ రోజు

గంట ముందు అందరూ రావాలి. గొంతు సవరించుకోవడం 12 నిమిషాలకి మించొద్దు, పాటలన్నీ మళ్లీ పాడేస్తే వేదిక ఎక్కేసరికి గొంతులు అలిసిపోతాయి. మొదటి పాట ఎత్తుగడ, జెకర్యా అందుకునే చోటు, హేరోదు చివరి నాలుగు బీట్లు, ఎనిమిదో పాట మొదటి వాక్యం చూసుకుంటే చాలు. నీళ్లు గది వేడిలో ఉన్నవి తాగండి, మంచునీళ్లు వద్దు. వైర్‌లెస్ మైకుల్లో అప్పుడే కొత్త బ్యాటరీలు వేయాలి, నిన్న ప్రాక్టీసులో పనిచేశాయి కదా అని వదిలేయకూడదు.

చివరి స్వరం ఆగాక మీ చేతులు నాలుగు అంకెల సేపు పైనే ఉండాలి. కీబోర్డు కదలకూడదు. చేతులు దించాక చప్పట్లు వచ్చినా రాకపోయినా పాస్టరు గారు లేచి దీవెన ఇస్తారు. వ్యాఖ్యాత మళ్లీ మైకు అందుకుని ధన్యవాదాలు చదవడం మొదలుపెట్టకుండా ఆ కాగితం ముందే తీసుకుని మీ దగ్గర పెట్టుకోండి.